పెట్టుబడి పోగుపడటానికీ సామ్రాజ్యవాదానికీ లింకు ఎక్కడుంది? గుంటూరు పొగాకు నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది. విజయవాడలో పీజీ చదువుతూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒకరు రాశారు: "మార్క్స్ పెట్టుబడి సంచయనం గురించి చెప్పాడు, లెనిన్ సామ్రాజ్యవాదం గురించి చెప్పాడు. ఈ రెండింటినీ కలిపే ముడి నాకు దొరకడం లేదు. లాభం ఇక్కడే వస్తుంటే పెట్టుబడి దేశం దాటి ఎందుకు పోవాలి? వలసపాలన పోయి ఇన్నేళ్లయ్యాక కూడా ఆ మాట వాడటంలో అర్థముందా? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. పెట్టుబడిదారుడు వచ్చిన లాభాన్ని హాయిగా తిని కూర్చోలేడు, పోటీ అతన్ని కూర్చోనివ్వదు. లాభంలో ఎక్కువ భాగం మళ్లీ వ్యాపారంలోకే పోవాలి. పోకపోతే పక్కవాడు పెద్దవాడై ఇతన్ని మింగేస్తాడు. అలా మింగగా మిగిలిన కొద్దిమంది దగ్గర కుప్పపడ్డ డబ్బుకి సొంత దేశంలో మునుపటి రేటున లాభం దొరకడం కష్టమవుతుంది. అప్పుడది ముడిసరుకు కోసం, మార్కెట్ కోసం, చౌక శ్రమ కోసం, అప్పులిచ్చి వడ్డీ లాగడం కోసం బయటికి పోతుంది. పోయిన చోట ఆ లాభానికి భద్రత కావాలి కాబట్టి వెనకాలే తన ప్రభుత్వాన్ని, చట్టాన్ని, అవసరమైతే ఫిరంగిని తీసుకెళ్తుంది. మార్క్సిస్టులు సామ్రాజ్యవాదం అనేది దీన్ని. అలెగ్జాండర్ దండయాత్రలకీ దీనికీ సంబంధం లేదు.

ఆ మాట ఇప్పటికీ చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. కాకపోతే జెండా ఎవరిది అని వెతికితే దొరకదు. ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, పేటెంటు ఎవరి చేతిలో ఉంది, అప్పు ఏ కరెన్సీలో ఉంది అని అడిగితే దొరుకుతుంది.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. సాయంత్రాలు యూనియన్ల వాళ్ల క్లాసుల్లోనూ ఇదే సబ్జెక్టు చెప్పేవాణ్ణి. మాంచెస్టర్ మిల్లుల కథ చెబితే ఎవరికీ ఎక్కేది కాదు. అందుకని ఉదాహరణలన్నీ కృష్ణకి ఇటూ అటూ ఉన్నవే ఇస్తాను.

లెక్కతో మొదలుపెడదాం. ఒక నూలు మిల్లు అనుకోండి. తేలిగ్గా ఉండటానికి మొత్తం పెట్టుబడి 100 లక్షలు. అందులో 80 లక్షలు పత్తికి, కరెంటుకి, యంత్రాల అరుగుదలకి. మిగతా 20 లక్షలు కూలికి. పత్తి విలువ, యంత్రం విలువ నూలులోకి ఉన్నదున్నట్టు చేరతాయే గాని పెరగవు. పెరిగేదల్లా శ్రమ దగ్గరే. కార్మికులు తమ కూలికి సరిపడా 20 లక్షల విలువని షిఫ్టులో సగం టైములోనే సృష్టించి, మిగతా సగంలో ఇంకో 20 లక్షలు సృష్టించారనుకోండి. నూలు 120 లక్షలకు అమ్ముడవుతుంది. ఆ పైన వచ్చిన 20 లక్షలే అదనపు విలువ. బ్యాంకు వడ్డీ, స్థలం అద్దె, బ్రోకరు కమీషన్ అన్నీ ఇందులోంచే పోతాయి. మిగిలింది ఓనరు లాభం.

ఈ 20 మొత్తాన్నీ ఓనరు ఇంటి ఖర్చుకి, పెళ్లిళ్లకి వాడేశాడంటే వచ్చే ఏడు మిల్లు మళ్లీ అదే 100 దగ్గర మొదలవుతుంది. మార్క్స్ దీన్ని సరళ పునరుత్పత్తి అన్నాడు. అలా కాకుండా 10 తిని 10 మిల్లులో పెట్టాడనుకోండి: 8 పత్తికీ యంత్రాలకీ, 2 కూలికీ. వచ్చే ఏడు 88, 22 అవుతాయి. అదనపు విలువ 22. నూలు 132. ఇదే విస్తృత పునరుత్పత్తి, ఇదే సంచయనం. నిన్న కార్మికుడి దగ్గర తీసుకున్నదే ఇవాళ పెట్టుబడై అతన్ని మళ్లీ పనిలో పెట్టుకుంటుంది. 1867లో వచ్చిన మార్క్స్ పుస్తకం 'పెట్టుబడి' మొదటి సంపుటంలో చివరి భాగాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

ఇక్కడ పిల్లలు ఎప్పుడూ ఒక పొరపాటు చేస్తారు. డబ్బు పోగైన ప్రతిచోటా సంచయనం జరిగిందనుకుంటారు. మా మిర్చి యార్డునే చూడండి. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలుగా దిగుతాయి, రోజుకి కోట్లు చేతులు మారతాయి. కమీషన్ వ్యాపారి పంట వేయకముందే రైతుకి పురుగుమందులకని, కూలీలకని అప్పిస్తాడు. పంట తన కొట్టుకే రావాలి. వడ్డీ, కమీషన్ పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు. ఇది లాభమే, సందేహం లేదు. కానీ ఈ డబ్బు మిరప పండే పద్ధతిని లోపల్నుంచి మార్చలేదు. రైతు అదే చేనులో, అదే కూలీలతో, అదే రిస్కుతో పండిస్తున్నాడు. ఇది వర్తక పెట్టుబడి, వడ్డీ పెట్టుబడి. రాజుల కాలంలోనూ ఉంది. మార్క్స్ చెప్పే ఆధునిక సంచయనంలో పెట్టుబడి ఉత్పత్తి లోపలికి దూరి, పని ఎలా జరగాలో తనే శాసిస్తుంది. మన దేశపు వ్యవసాయంలో ఉన్నది ఏది అన్న దానిమీద 1970లలో ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఉత్సా పట్నాయక్, అశోక్ రుద్ర ఆ చర్చలో ముఖ్యులు. నా ఉద్దేశంలో డెల్టాలో రెండూ కలగలిసి ఉన్నాయి, ఒకదాన్ని ఇంకొకటి పోషిస్తోంది.

మరి పెద్దవాళ్లు ఎలా పెద్దవాళ్లవుతారు? మార్క్స్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, సొంత లాభం కలుపుకుంటూ పెరగడం. రెండోది, ఇతరుల పెట్టుబడిని లాక్కుని కలిపేసుకోవడం. మొదటిదాన్ని సాంద్రీకరణ అనీ, రెండోదాన్ని కేంద్రీకరణ అనీ మన తెలుగు అనువాదాల్లో ఉంటుంది. రెండోది చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల సందుల్లో ఒకసారి నడవండి. వెనకటికి కంపెనీ చాసిస్ మాత్రమే అమ్మేది. ఓనరు దాన్ని ఆటోనగర్‌కి తోలుకొస్తే, వడ్రంగి, వెల్డరు, టింకరింగ్ వాళ్లు, పెయింటరు, సీటు కుట్టేవాడు, చివర్లో అక్షరాలు రాసే ఆర్టిస్టు అంతా కలిసి లారీని లారీలా చేసేవాళ్లు. కంపెనీలు క్యాబిన్‌తో, బాడీతో పూర్తిగా తయారైన బండ్లు అమ్మడం మొదలుపెట్టాక ఆ పని ఫ్యాక్టరీలోకి పోయింది. ఇక్కడి మేస్త్రీ పనితనం తగ్గిందేమీ లేదు. బ్యాంకు ఫైనాన్స్‌తో సహా రెడీగా వచ్చే బండి ముందు చిన్న షెడ్డు నిలవలేదు, అంతే. చిన్న ఓనర్లు కొందరు రిపేర్లకి మళ్లారు, కొందరు అదే కంపెనీ సర్వీస్ సెంటర్లో జీతానికి చేరారు. పోటీయే పోటీని చంపేసి గుత్తాధిపత్యంగా మారుతుందని మార్క్సిస్టులు చెప్పేది ఇటువంటి మార్పు గురించే.

ఇక దేశం దాటే ప్రశ్న. దీనికి మార్క్సిస్టులు ఒకే జవాబు ఇవ్వలేదు. కనీసం మూడు వాదనలున్నాయి, వాటిని కలిపి రాస్తే మార్కులు పోతాయి, అర్థమూ పోతుంది.

ఇంకో సంగతి. మార్క్స్ సామ్రాజ్యవాదం మీద విడిగా పుస్తకం రాయలేదు. మొదట వేసుకున్న ప్లానులో పెట్టుబడి, భూమి, కూలి శ్రమ, రాజ్యం, విదేశీ వ్యాపారం, ప్రపంచ మార్కెట్ అని ఆరు పుస్తకాలున్నాయి. చివరి మూడూ రాయకుండానే పోయాడు. ఆ ఖాళీని తర్వాతివాళ్లు తలా ఒకలా పూరించారు కాబట్టే ఇన్ని వాదనలు.

మొదటి వాదన లాభాల రేటుది. ఇందాకటి మిల్లుకే వద్దాం. 100 మీద 20 అంటే లాభం 20 శాతం. పోటీ తట్టుకోవడానికి ఓనరు కొత్త యంత్రాలు దింపాడు. ఇప్పుడు యంత్రాలూ పత్తీ కలిపి 180, కూలి అదే 20. అదనపు విలువ అదే 20 అయితే, 200 మీద లాభం 10 శాతమే. మనిషిని తగ్గించి యంత్రాన్ని పెంచేకొద్దీ లాభానికి మూలమైన శ్రమ వాటా తగ్గుతుంది గనక ఇలా జరుగుతుందని 'పెట్టుబడి' మూడో సంపుటం చెబుతుంది. అయితే ఇది ధోరణి మాత్రమే, రాయిలా కిందపడుతుందని కాదు. పని వేగం పెంచితే, యంత్రాలు చౌకైతే, నిరుద్యోగులు పెరిగి కూలి తగ్గితే రేటు మళ్లీ లేస్తుంది. అలా లేపే కారణాల జాబితాలో మార్క్స్ విదేశీ వ్యాపారాన్నీ చేర్చాడు. చౌక ముడిసరుకు, చౌక తిండి బయట్నుంచి వస్తే 180 తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. వలస దేశాల్లో పెట్టిన పెట్టుబడికి ఎక్కువ రేటు కూడా వస్తుంది. మార్క్స్ నుంచి సామ్రాజ్యవాదానికి పోయే మొదటి వంతెన ఇదే.

రెండోది మార్కెట్ వాదన. రోజా లక్సెంబర్గ్ అనే మార్క్సిస్టు నాయకురాలు 1913లో 'పెట్టుబడి సంచయనం' అనే పుస్తకంలో అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. కార్మికుడు తన కూలి మేరకే కొంటాడు. ఓనరు తన తిండి మేరకు కొంటాడు. కూడబెట్టి మళ్లీ పెట్టుబడి పెట్టాల్సిన భాగం ముందు సరుకు రూపంలోనే ఉంటుంది కదా, దాన్ని కొనేదెవరు? పెట్టుబడిదారీ వ్యవస్థ బయట ఉన్న రైతులు, చేతివృత్తులవాళ్లు, వలస దేశాలు అని ఆమె జవాబు. అందుకే ఆమె పుస్తకంలో నల్లమందు యుద్ధాలు, ఈజిప్టు అప్పులు, అల్జీరియా భూములు, మన గ్రామ సమాజాల విధ్వంసం అన్నీ వస్తాయి. రష్యన్ బోల్షివిక్ నాయకుడు బుఖారిన్ దీన్ని ఒప్పుకోలేదు. పెట్టుబడిదారులు ఒకరి సరుకు ఒకరు కొనుక్కోవచ్చు, యంత్రాలు చేసేవాడికి ఉక్కు కావాలి, ఉక్కు చేసేవాడికి యంత్రాలు కావాలి కదా అన్నాడు. లెక్కలో బుఖారిన్‌దే సరి అని నాకనిపిస్తుంది. కానీ చరిత్ర చెప్పడంలో ఆమెకి సాటి లేదు. పెట్టుబడి తనది కాని లోకాన్ని తింటూ బతుకుతుందన్న ఆమె గమనికనే డేవిడ్ హార్వే 2003లో 'లాక్కోవడం ద్వారా సంచయనం' అనే ఆలోచనగా మళ్లీ ముందుకు తెచ్చాడు.

మూడోది గుత్త పెట్టుబడి వాదన. హాబ్సన్ అనే ఇంగ్లీషు లిబరల్ 1902లో, హిల్ఫర్డింగ్ అనే ఆస్ట్రియన్ మార్క్సిస్టు 1910లో వేసిన పునాది మీద లెనిన్ కట్టినదిది. 'సామ్రాజ్యవాదం: పెట్టుబడిదారీ విధానపు అత్యున్నత దశ' అనే ఈ పుస్తకాన్ని 1916లో జ్యూరిక్‌లో రాశాడు, 1917లో అచ్చయింది. గుత్త సంస్థలు ఏర్పడటం, బ్యాంకు పెట్టుబడీ పారిశ్రామిక పెట్టుబడీ కలిసి ద్రవ్య పెట్టుబడి కావడం, సరుకుల కన్నా పెట్టుబడి ఎగుమతి ముఖ్యమవడం, అంతర్జాతీయ గుత్త సంస్థలు ప్రపంచాన్ని పంచుకోవడం, పెద్ద రాజ్యాలు భూభాగాన్ని పంచుకోవడం పూర్తికావడం, ఇవీ ఆయన చెప్పిన ఐదు లక్షణాలు. గైడుల్లో ఈ ఐదూ శ్లోకంలా ఉంటాయి. అవి ఎలా పనిచేస్తాయో చూడాలంటే నా లెక్కలో గుంటూరు పొగాకుని మించిన ఉదాహరణ లేదు.

1901లో డ్యూక్ అనే ఆయన నడిపే అమెరికన్ టొబాకో కంపెనీ ఇంగ్లండులో అడుగుపెట్టి లివర్‌పూల్‌లోని ఆగ్డెన్ కంపెనీని కొనేసింది. భయపడ్డ బ్రిటిష్ సిగరెట్ కంపెనీలు 13 ఒక్కటై ఇంపీరియల్ టొబాకోగా ఏర్పడ్డాయి. రెండింటి మధ్యా ధరల యుద్ధం నడిచింది. ఏడాది తిరక్కుండానే, 1902లో, రాజీ కుదిరింది. అమెరికా మీది, బ్రిటన్ మాది, మిగతా ప్రపంచం ఇద్దరం కలిసి పెట్టే కొత్త కంపెనీది. ఆ కొత్త కంపెనీయే బ్రిటిష్ అమెరికన్ టొబాకో. లెనిన్ తన పుస్తకంలో కరెంటు కంపెనీలు, చమురు కంపెనీలు ప్రపంచాన్ని ఎలా పంచుకున్నాయో చూపించాడు. సరిగ్గా అదే పని ఇక్కడ సిగరెట్‌తో జరిగింది. ఆ 'మిగతా ప్రపంచం'లో మనమూ ఉన్నాం.

1910లో ఆ కొత్త కంపెనీకి ఇక్కడి శాఖగా కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పుట్టింది. 1912లో గుంటూరు జిల్లాలో ఆకు కొనుగోలు కోసం ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చింది. మా పెద్దవాళ్లు ఐఎల్‌టీడీ అని పొట్టిగా అనేది దాన్నే. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకి దిగుమతి సుంకంలో రాయితీ ఇచ్చింది. 1920లలో సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకు గుంటూరు నల్లరేగళ్లలో పాతుకుపోయింది. ఊరూరా ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లు లేచాయి.

బ్యారన్ దగ్గర నిలబడి చూసినవాళ్లకి పెట్టుబడి ఎగుమతి అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది. ఎత్తుగా కట్టిన గది. లోపల వాసాల మీద వరసలు వరసలుగా కర్రలు, కర్రలకి కట్టిన పచ్చి ఆకు. కింద రేకు గొట్టాల్లోంచి పొయ్యి వేడి పోతుంటుంది. రాత్రంతా ఒకరు థర్మామీటరు చూస్తూ మంట ఎగదోస్తుండాలి. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే మచ్చ పడుతుంది. ఈ బ్యారన్ రైతుదే, కట్టెలు రైతువే, అప్పు రైతుదే, నిద్రలేని రాత్రులు రైతువే. ఆకు ఏ గ్రేడో చెప్పే మాట మాత్రం కొనేవాడిది. నిమ్మపండు రంగుకి ఒక రేటు, కాస్త గోధుమరంగు తిరిగితే ఇంకో రేటు. గ్రేడు ఒక మెట్టు దిగితే రైతు ఏడాది లాభం ఎగిరిపోతుంది. కంపెనీ పొలాలు కొని పండించాల్సిన పని లేకపోయింది. సిపాయిని పెట్టాల్సిన పనీ లేకపోయింది. రకం, గ్రేడు, కొనుగోలు చేతిలో ఉంటే చాలు.

కొనేవాళ్ల ఇష్టారాజ్యం తగ్గించాలనే 1975లో చట్టం చేసి, 1976లో పొగాకు బోర్డు పెట్టారు. ఆఫీసు గుంటూరులోనే. మన రాష్ట్రంలో బోర్డు వేలం 1985లో మొదలైంది. వేలం రైతుకి మేలు చేసింది, అందులో రెండో మాట లేదు. అయినా ఇప్పటికీ వేలం ప్లాట్‌ఫారం మీద బేలు ముందు కొనుగోలుదారులు ఆగకుండా సాగిపోతే దాని మీద 'నో బిడ్' అని పడుతుంది. రైతు దాన్ని వెనక్కి తీసుకుపోవాలి. ఎక్కడో విదేశాల్లో ఆర్డరు తగ్గితే ఇక్కడ బేలు వెనక్కి వెళ్తుంది.

ఈ కథలో ఇంకో వైపూ ఉంది, దాచకూడదు. పొగాకు వల్ల బాగుపడ్డ రైతులు చాలామంది ఉన్నారు. ఆ మిగులుతోనే ఇక్కడ మేడలు లేచాయి, పిల్లలు పైచదువులు చదివారు, సొంతంగా ఎగుమతి వ్యాపారం పెట్టిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇదంతా లెనిన్ చెప్పినదానికి వ్యతిరేకం కాదు. పెట్టుబడి ఎగుమతి అది వెళ్లిన దేశంలో పెట్టుబడిదారీ విధానాన్ని వేగంగా పెంచుతుందని ఆయనే రాశాడు. సామ్రాజ్యవాదం అంటే అందరూ బికారులవడం అని అనుకుంటే మన కళ్లెదుట ఉన్నదే అర్థం కాదు. మిగులులో పెద్ద వాటా ఎటు పోతోంది, నిబంధనలు ఎవరు రాస్తున్నారు అన్నదే అసలు విషయం.

దీనికి ముందరి కథ కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే బ్రిటన్‌లో ఆ తొలి పెట్టుబడి ఎక్కడిదన్న ప్రశ్న మిగిలిపోతుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ఆగినప్పుడు వెండి తెచ్చి బట్ట కొనుక్కుపోవాల్సి వచ్చింది. 1765లో బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), 1766లో సర్కారు జిల్లాలు, చివరికి 1788లో గుంటూరు సర్కారు చేతికొచ్చాక వెండి తేవాల్సిన పని పోయింది. రైతు దగ్గర శిస్తు వసూలు చేసి, ఆ డబ్బులోంచే నేతగాడికిచ్చి బట్ట కొని, లండన్లో అమ్ముకున్నారు. అంటే మన సరుకు మన డబ్బుతోనే కొన్నారు. దాదాభాయి నౌరోజీ చెప్పిన సంపద తరలింపు ఇదే. 1853లో న్యూయార్క్ పత్రికకి రాసినప్పుడు రైల్వేలు ఇండియాలో ఆధునిక పరిశ్రమకి దారి తీస్తాయని మార్క్స్ ఆశ పెట్టుకున్నాడు. అప్పుడు కూడా బ్రిటిష్ కాడి దించుకునేదాకా, లేదా బ్రిటన్‌లోనే కార్మికులు అధికారంలోకి వచ్చేదాకా ఆ ఫలం భారతీయులకి అందదని చెప్పాడు. 1881లో 'పెట్టుబడి'ని రష్యన్‌లోకి అనువదించిన డానియల్సన్‌కి రాసిన ఉత్తరానికి వచ్చేసరికి స్వరం పూర్తిగా మారింది. రైల్వే డివిడెండ్లు, పెన్షన్లు, అద్దెల పేరుతో ఏటా ఊరికే ఇంగ్లండుకి పోతున్న సరుకు విలువ 6 కోట్ల మంది భారతీయ శ్రామికుల మొత్తం ఆదాయం కన్నా ఎక్కువని, ఇది రక్తం పిండటమేనని రాశాడు. తొలి రైల్వే కంపెనీల వాటాదార్లకి 5 శాతం వడ్డీ గ్యారంటీ ఉండేది. రైలు నష్టంలో నడిచినా సరే, కట్టేది మన ఖజానా. మార్క్స్‌ని విమర్శించేవాళ్లు 1853 వ్యాసాలు మాత్రమే చూపిస్తారు, భక్తులు 1881 ఉత్తరం మాత్రమే చూపిస్తారు. మీరు రెండూ చదవండి.

ఇక ఇప్పటి సంగతి. పత్తి రైతు దగ్గరికి పోదాం. 2002లో బీటీ పత్తికి, అంటే కాయ తొలిచే పురుగుని తట్టుకునే జన్యువు చేర్చిన విత్తనానికి, అనుమతి వచ్చింది. కొన్నేళ్లలోనే మన జిల్లాల్లో దాదాపు అందరూ అదే వేశారు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన పలికేది. అందులో 1,250 రూపాయల దాకా ఆ జన్యువు టెక్నాలజీకి కట్టే రుసుమే. గింజ పండించిన రైతు, శుద్ధి చేసిన కూలి, అమ్మిన షాపు అందరి వాటా కలిపినా దానిలో మూడో వంతు కూడా లేదు. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆ రుసుము తీసుకునే మోన్‌శాంటో భాగస్వామ్య కంపెనీ మీద గుత్తాధిపత్యాల కమిషన్‌కి వెళ్లింది. ఆ ఏడాదే ప్యాకెట్ ధర 750కి దిగింది. సగానికి సగం కోసినా కంపెనీ దుకాణం మూసుకోలేదంటే ముందు తీసుకున్నది ఎంతో మీరే ఊహించుకోండి. ఇది మామూలు లాభం కాదు, గుత్తాధిపత్యం వల్ల వచ్చే అద్దె. 1912లో గ్రేడు చేసిన పనే 2002లో టెక్నాలజీ రుసుము చేసింది. ఇంకోటి కూడా ఇందులో ఉంది. ఒక రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా నిలబడితే ఆ అద్దె తగ్గింది. కాబట్టి ఇది ఎవరూ కదల్చలేని విధిరాత అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

అప్పు, కరెన్సీ వైపు నుంచి చూడాలంటే 1991 చాలు. డాలర్లు లేక దేశం 47 టన్నుల దాకా బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గరా, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గరా తాకట్టు పెట్టింది. తర్వాత వచ్చిన విధానాలు మంచివా చెడ్డవా అన్న వాదన వేరే. డాలరు అచ్చువేసే దేశానికి ఆ పరిస్థితి ఎన్నడూ రాదన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

క్లాసులో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటి మీకూ వస్తుంది: అమరావతి భూసమీకరణ ఆదిమ సంచయనమేనా? 2015లో 33 వేల ఎకరాల పైచిలుకు సమీకరించారు. మెట్టకి ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకి (ఏటి ఒడ్డున నీటి వసతి ఉన్న భూమికి) 50 వేలు కౌలు, ఏటా పెంపు, తిరిగి ఇచ్చే ప్లాట్లు, భూమి లేనివాళ్లకి నెలకి 2,500 పెన్షన్ అన్నారు. ఆదిమ సంచయనం అంటే మార్క్స్ అర్థంలో ఉత్పత్తిదారుణ్ణి ఉత్పత్తి సాధనం నుంచి విడదీసి, అమ్ముకోవడానికి శ్రమశక్తి తప్ప ఏమీ లేనివాణ్ణి చేయడం. పట్టా రైతుల్లో చాలామంది అలా కూలీలు కాలేదు, ప్లాటు ఓనర్లయ్యారు. వాళ్ల టెన్షన్ అంతా ప్లాటు విలువ చుట్టూ తిరిగింది. నిమ్మ, అరటి, పూల తోటల్లో ఏడాది పొడవునా పని దొరికే కూలీకి, కాగితం లేని కౌలుదారుకి మాత్రం ఆ నిర్వచనం దగ్గరగా వస్తుంది. ఒకే ఊళ్లో ఒకే పథకం రెండు వర్గాలకి రెండు రకాలుగా తగిలింది. అందుకని అవును, కాదు అని ఒక్క ముక్కలో రాయకండి.

జాగ్రత్తలు కొన్ని. లెనిన్ పుస్తకానికి ఉన్న గట్టి విమర్శ ఒకటి తెలిసి ఉండాలి. 1914కి ముందు బ్రిటన్ బయట పెట్టిన పెట్టుబడిలో ఎక్కువ భాగం ఆఫ్రికాకో మనకో రాలేదు. అమెరికా, కెనడా, అర్జెంటీనా, ఆస్ట్రేలియా వైపు పోయింది. కాబట్టి 'పెట్టుబడి ఎగుమతి కోసమే వలసలు పట్టారు' అని సూటిగా గీత గీస్తే నిలవదు. అయితే మన ఎగుమతుల మిగులు లండన్ ఖాతాలోకి పోయేది కాబట్టే అది మిగతా ప్రపంచానికి అంత పెట్టుబడి పంపగలిగిందని ఉత్సా, ప్రభాత్ పట్నాయక్‌లు ఇచ్చే జవాబు నాకు బలంగా కనిపిస్తుంది. ఉత్సా పట్నాయక్ 2018లో చెప్పిన 45 లక్షల కోట్ల డాలర్ల అంకె వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది 1765 నుంచి 1938 దాకా తరలిన మొత్తానికి 5 శాతం చక్రవడ్డీ కట్టి వేసిన అంచనా అని చెప్పకుండా వాడితే ఇంటర్వ్యూ బోర్డు మిమ్మల్ని పట్టుకుంటుంది.

అలాగే, బిల్ వారెన్ అనే మార్క్సిస్టే 1980లో అచ్చయిన పుస్తకంలో సామ్రాజ్యవాదం వెనకబడ్డ దేశాల్లో పెట్టుబడిదారీ అభివృద్ధికి తోడ్పడిందని వాదించాడు. జర్మన్ సోషలిస్టు నాయకుడు కౌట్స్కీ 1914లోనే పెద్ద రాజ్యాలు కొట్టుకోకుండా కలిసి దోచుకునే దశ రావచ్చన్నాడు. లెనిన్ దాన్ని కొట్టిపారేశాడు గాని, ఈనాటి ప్రపంచ సంస్థల తీరు చూస్తే కౌట్స్కీని పూర్తిగా పక్కన పెట్టలేం. పైగా మన దేశపు పెట్టుబడే ఇప్పుడు బయటికి పోతోంది. 2007లో టాటాలు కోరస్ స్టీల్‌ని, 2008లో జాగ్వార్ లాండ్ రోవర్‌ని కొన్నారు. దీంతో ఇండియా సామ్రాజ్యవాద దేశమైపోయిందా? పెట్టుబడి ఎగుమతి ఒక్కటే చూస్తే అలా అనిపిస్తుంది. టెక్నాలజీ, కరెన్సీ, ఆయుధాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే కాదు. నేను రెండో వైపే మొగ్గుతాను, కానీ దీనిమీద మా స్నేహితుల్లోనే టీ చల్లారేదాకా వాదనలు నడుస్తాయి.

చదవడం గురించి. 'పెట్టుబడి' మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి మూడు రోజుల్లో మూసేసినవాళ్లని చాలామందిని చూశాను. మొదటి సంపుటం చివర్న ఉన్న ఆదిమ సంచయనం భాగం ముందు చదవండి, అది చరిత్ర, కథలా నడుస్తుంది. తర్వాత పనిదినం మీది అధ్యాయం, ఆ తర్వాత సంచయన సాధారణ సూత్రం. అప్పుడు లెనిన్. లెనిన్ తర్వాత లక్సెంబర్గ్‌ది చరిత్ర భాగం ఒక్కటీ చాలు. విజయవాడలోనే ఉన్నారు కాబట్టి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు వెతకండి. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వాళ్ల తెలుగు అనువాదాలు అప్పుడప్పుడు తగులుతాయి. భాష కొంచెం బరువుగా ఉంటుంది, కాగితం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరదు.

లెనిన్ చదివేటప్పుడు రెండు పనులు చేయండి. బ్యాంకుల పట్టికలు, రైల్వేల పట్టికలు దాటేయకండి, ఆయన వాదనలో సగం వాటిలోనే ఉంది. ఇంకా, పుస్తకంలో రష్యా సామ్రాజ్యం గురించి రావలసిన చోట జపాన్, కొరియా ఎందుకొచ్చాయని కంగారుపడకండి. రష్యా జార్ ప్రభుత్వపు సెన్సారు కళ్లు గప్పడానికి అలా రాశానని, జపాన్ ఉన్నచోట రష్యా అనీ, కొరియా ఉన్నచోట ఫిన్లాండ్, పోలండ్, ఉక్రెయిన్ లాంటి పేర్లు పెట్టుకునీ చదువుకోమని 1917 ఏప్రిల్ నాటి ముందుమాటలో ఆయనే చెప్పాడు. పాత ప్రతుల్లో మొదటి పేజీలు ఊడిపోయి ఉంటాయి, కొనేముందు ఆ ముందుమాట ఉందో లేదో చూసుకోండి.